తన్ని పెట్టిన దణ్ణం

మా వీధి మలుపులో పాలకేంద్రం గోడకి కట్టిన ఫ్లెక్సీలో ఉన్నది నేనే. తెల్లబట్టలు, ఎర్ర బెల్టు, చేతులకి ఎర్ర గ్లవ్సు. కుడిచెయ్యి కళ్ళకి ఆనించి ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. నా వెనక జాతీయ జెండా, పైన మూలన వినాయకుడు, కింద వరసగా మా వార్డు పెద్దల ముఖాలు. ‘మన సంస్కృతిని ప్రపంచానికి చాటిన చీరాల ఆడపడుచుకు అభినందనలు’ అని రాయించారు. ఎవరు చూసినా నేను గెలిచి దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నానని అనుకుంటారు. గెలిచింది నా మొహం! నేను ఓడిపోయింది సరిగ్గా ఆ క్షణంలోనే. రెప్పపాటు తర్వాత నా పొట్టలో ఒక గుద్దు పడింది. అది ఫొటోలో లేదు.

రోజూ పొద్దున ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి పాల ప్యాకెట్టు కొనుక్కోవాలి. తల వంచుకుని వెళ్తాను, తల వంచుకుని వస్తాను. పాలకేంద్రం ఆయన దాన్ని కూడా నా వినయం కింద జమకట్టేశాడు. "ఇంత పేరొచ్చినా తలెత్తి మాట్లాడదండీ ఆ పిల్ల" అని వచ్చినవాళ్ళకి చెబుతుంటాడు. వినయం కాదు మహాప్రభో, సిగ్గు అని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో నాకే తెలుసు.

మాది మగ్గం ఇల్లు. ముందు గదిలో సగం గుంట మగ్గం, మిగతా సగంలో మేం. నాన్న గుంటలోకి కాళ్ళు దించుకుని నేస్తుంటాడు. నాయనమ్మ గోడవారన రాట్నం పెట్టుకుని కండెలు చుడుతుంది. అమ్మ వంటింటికీ మగ్గానికీ మధ్య తిరుగుతూ ఉంటుంది. ఆ ఇంట్లో అడుగు తీసి అడుగు వేస్తే దేనికో ఒకదానికి కాలు తగలాల్సిందే. నూలు చిలపలకో, కండెల బుట్టకో, చాప మీద పడుకున్న మనిషికో. తగిలిందా, వంగి తగిలినదాన్ని ముట్టుకుని ఆ వేళ్ళు కళ్ళకద్దుకోవాలి. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎక్కడైనా ఉండేదే ఇది. మా ఇంట్లో మాత్రం దానికి నాయనమ్మ పోలీసు. అటు తిరిగి రాట్నం తిప్పుతూనే ఉంటుంది, వెనక నా కాలు బుట్టకి తగిలిన చప్పుడు వినిపిస్తుంది. "ఏమే, దణ్ణం ఏదే?" అని కేక. నేను పెట్టేసి ఉంటానప్పటికే. అయినా ఆవిడకి నమ్మకం లేదు, ఇంకోసారి పెట్టాలి, ఆవిడ చూస్తుండగా.

నాన్న కూడా అంతే. పొద్దున్నే గుంటలో దిగేముందు తొక్కుడు కర్రల్ని ముట్టుకుని కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే వాటిమీద కాలు వేస్తాడు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే నాయనమ్మే జవాబు చెప్పింది. "తొక్కి బతికేవాళ్ళం మనం. దణ్ణం పెట్టి తొక్కాల. ఊరికే తొక్కితే అది పొగరవుద్ది."

మాటలు రాకముందే నా చేతికి ఆ పని వచ్చేసిందట. అంబాడే వయసులో నాన్న మీద ఎక్కి తొక్కి, మళ్ళీ ఆయన పొట్ట ముట్టుకుని కళ్ళకద్దుకునేదాన్నని అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

అలాంటిదాన్ని తీసుకెళ్ళి కరాటేలో పడేశారు. బళ్ళో ఆడపిల్లలకి ఆత్మరక్షణ నేర్పిస్తామని గుంటూరు నుంచి ఒక సారు వచ్చాడు. మొదటిరోజు ఒక్కొక్కరినీ పిలిచి, తను చేతిలో పట్టుకున్న దిండులాంటి ప్యాడ్‌ని కాలితో తన్నమన్నాడు. నేను తన్నాను. గట్టిగానే తన్నాను, సారు ఒక అడుగు వెనక్కి పడ్డాడు. వెంటనే వంగి ఆ ప్యాడ్‌ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. మళ్ళీ తన్నమన్నాడు. మళ్ళీ అద్దుకున్నాను. క్లాసంతా విరగబడి నవ్వారు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు సారు. "రేపు దొంగెదవని తన్నినా ఇంతేనా? ఒరే నాయనా, తప్పైపోయింది, పోలీస్ స్టేషన్ దాకా నేనే దిగబెడతా అంటావా?"

నవ్వితే నవ్వారు గానీ, క్లాసు అయిపోయాక సారు మా ఇంటికొచ్చాడు. ఈ పిల్ల కాలు ఊరికే పోయే కాలు కాదండీ, నాకు వదిలెయ్యండి అని నాన్నని అడిగాడు. నాన్న గుంటలోంచి లేవకుండానే నాయనమ్మ వైపు చూశాడు. ఆవిడ కాసేపు రాట్నం తిప్పి, "ఆడపిల్లకి తన్నులాట ఏంటయ్యా" అంది. ఇంకాసేపు తిప్పి, "సర్లే, ఎవుడన్నా వెంటబడితే పనికొస్తది" అంది. అలా ఒప్పేసుకున్నారు.

ఆ దణ్ణం సమస్యకి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. కరాటేలో ఆట అయ్యాక ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి వంగి నమస్కరించుకుంటారు. నేను తన్నిన ప్రతిసారీ పెట్టాల్సిన దణ్ణాలన్నీ దాచుకుని, ఆ చివర్లో వంగినప్పుడు అన్నిటికీ కలిపి ఒకటే పెట్టేసేదాన్ని. నుదుటి చెమట తుడుచుకున్నట్టు వేళ్ళు కళ్ళకి తాకించేదాన్ని. ఎవరికీ తెలిసేది కాదు. సారు నాకు ఆ పిచ్చి వదిలిందనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక్కటి మాత్రం నావల్ల కాలేదు. ఎదుటి మనిషి పొట్ట మీద తన్నగలను, నడుం మీద తన్నగలను. ముఖానికి కాలు ఎత్తలేను. కాలు లేచేది, సగంలో ఆగిపోయేది. అందుకని చేతుల్నే నమ్ముకున్నాను. గుద్దులతోనే జిల్లా గెలిచాను, రాష్ట్రం గెలిచాను, దేశం జట్టులోకి వెళ్ళాను. రోజూ తెల్లవారకముందే చీరాలలో ప్యాసింజరెక్కి గుంటూరులో దిగి, ఆటో పట్టుకుని సారు హాలుకి పరిగెత్తేదాన్ని. ఆ హాలు మిర్చి యార్డు రోడ్డులో ఉంది. సీజన్లో మిర్చి బస్తాల టిక్కీలు వేసుకుని లారీలు పోతుంటే, కిటికీలు మూసినా ఘాటు లోపలికి వచ్చేసేది. సగం మంది గుద్దుకుంటూ, సగం మంది తుమ్ముకుంటూ ప్రాక్టీసు చేసేవాళ్ళం. వీపు మీద ఇండియా అని ఉన్న జాకెట్టు మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు నాయనమ్మ దాన్ని తిరగేసి బోర్లేసి చూసి, "నూలు కాదు ఇది, జారిపోతంది" అని పెదవి విరిచింది. కానీ నేను లేనప్పుడు వీధిలో అందరికీ తనే తీసి చూపించిందట.

సరే, అసలు సంగతికి వస్తాను. ఎంత తప్పించుకుందామన్నా రాక తప్పదు.

పరాయి దేశం. బయట మంచు. లోపల దీపాల వెలుగులో చాపలు పరిచిన పెద్ద హాలు. నాకు ఎదురుగా నిలబడ్డది నాకన్నా జానెడు పొడుగున్న పిల్ల. ఆ ఆట గెలిస్తే నేను పతకానికి పోటీ పడేదాన్ని. మూడు నిమిషాల ఆట చివరికొచ్చేసింది. ఇద్దరికీ సున్నాలే. ఆ పిల్ల గుద్దడానికి తల దించి ముందుకొచ్చింది. నేను ఏమీ ఆలోచించలేదు. నా కాలు లేచింది. ఎప్పుడూ సగంలో ఆగేది ఆ రోజు ఆగలేదు. పాదం పైభాగం ఆ పిల్ల చెంపకి తాకీ తాకనట్టు తగిలింది. అలాగే తగలాలి కూడా, గట్టిగా తగిలితే తప్పు. ముఖానికి కాలు అంత చక్కగా తగిలితే మూడు పాయింట్లు, గుద్దుకి ఒకటే.

చెంప మెత్తగా తగిలింది నా పాదానికి. మనిషి ముఖం. ఇంకేముంది, నా కుడిచెయ్యి దానంతటదే వెళ్ళి ఆ పిల్ల భుజాన్ని ముట్టుకుంది. తర్వాత నా కళ్ళకద్దుకుంది. కళ్ళు మూసుకున్నాను కూడా! దణ్ణం పెట్టేటప్పుడు కళ్ళు మూసుకోవాలి కదా మరి. గ్లవ్సుతో నా చెయ్యి మీదికి రావడం చూసి ఆ పిల్ల ఏమనుకుందో ఏమో, బెదిరి ఒక్క గుద్దు గుద్దింది. గంట మోగింది. సున్నా, ఒకటి. నేను ఓడిపోయాను.

సారు ఊరుకోలేదు. తన్ను తగిలిందని అరుస్తూ వీడియో చూడమని అడిగాడు. అడక్కుండా ఉంటే ఎంత బాగుండేదో. పెద్ద తెర మీద, నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ వేశారు. నా కాలు లేస్తుంది, చెంపకి తగులుతుంది, ఆహా అనిపిస్తుంది. అంతలో నా చెయ్యి బయల్దేరుతుంది. అంత నెమ్మదిగా చూస్తుంటే ఆ దణ్ణం ఎంతకీ అయిపోదు. హాలంతా నవ్వు. అంపైర్లు కూడా తల పక్కకి తిప్పుకుని నవ్వుకున్నారు. తన్నిన తర్వాత కూడా ఎదుటి మనిషి మీది నుంచి చూపు తీయకూడదు, కాపుగా ఎత్తిన పిడికిళ్ళు దించకూడదు. దాన్ని జాన్షిన్ అంటారు. అది లేకపోతే తన్ను ఎంత బాగున్నా లెక్కలోకి రాదు. నాకు పాయింట్లు ఇవ్వలేదు. తల కొట్టేసినట్టయింది. ఎక్కడన్నా దాక్కుందామంటే ఆ హాల్లో అంతా చాపలే, ఒక స్తంభమైనా లేదు.

తిరుగు ప్రయాణంలో రైలు దిగేముందు సారు, "పదేళ్ళు నేర్పించానే" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నేను చీరాల చేరేలోపే ఆ వీడియో చీరాల చేరింది. ‘తన్ని దణ్ణం పెట్టిన తెలుగమ్మాయి’ అని ఎవరో పేరు పెట్టి, వెనక వీణ పాట వేసి వదిలారు. గుద్దు పడిన ముక్క కత్తిరించేశారు. అందరి ఫోన్లలో నేనే. చెప్పొద్దూ, నన్ను చూసి నవ్వుతారని భయపడుతూ రైలు దిగాను. నవ్వలేదు, దండలు వేశారు! ఎవరూ ఏమీ అనకపోతే నా గదిలో నేను ఏడ్చుకుని ఊరుకునేదాన్ని. ఏడవనివ్వలేదు.

కల్యాణమండపంలో సన్మానం పెట్టారు. వార్డు పెద్ద ఒకాయన మైకు పట్టుకుని, "గెలుపోటములు ముఖ్యం కాదమ్మా, మన సంస్కారం ముఖ్యం" అన్నాడు. ముఖ్యమేనండీ, నేను గెలవడానికే వెళ్ళానండీ అని అరవాలనిపించింది. శాలువా కప్పించుకుని, పళ్ళికిలించి నిలబడ్డాను. ఫొటోలకి ఒకసారి ఆ దణ్ణం పెట్టి చూపించమన్నారు. పెట్టాను. ఫొటో సరిగ్గా రాలేదు, ఇంకోసారి అన్నారు. ఇంకోసారి పెట్టాను. ఛీ, అంత సిగ్గు ఆ పెద్ద తెర ముందు కూడా పడలేదు.

మొదటి వరసలో నాయనమ్మ కూర్చుంది, పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని. ఇంటికొచ్చాక నా రెండు చెంపలూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "దేశాలు తిరిగినా నేను చెప్పింది మర్చిపోలా నా తల్లి" అంది. తర్వాత గుర్తొచ్చినట్టు అడిగింది. "అవునే, నువ్వు దణ్ణం పెట్టాక ఆ పిల్ల కొట్టిందంటగా? పక్కింటి పిల్లాడు చెప్పాడు. దణ్ణం పెట్టినోళ్ళని కొడతారటే? సిగ్గుండక్కర్లా?"

నీ దణ్ణం వల్లే ఓడిపోయానే అని ఆవిడకి చెప్పనా? "దానికి తెలీదులే నాయనమ్మా" అన్నాను. "పాపం, ఎవరూ చెప్పి ఉండరు" అని ఆ పిల్లని క్షమించేసింది.

పొదిలి దగ్గర ఒక బడివాళ్ళు వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పిలిచారు. అమ్మ పుట్టిల్లు అటువైపే, కాదనడానికి లేకపోయింది. ఎర్రటి ఎండ, చెట్టు నీడ లేని గ్రౌండు, అటూ ఇటూ ఎండిపోయిన కంది చేలు. పిల్లలు వరసగా నిలబడ్డారు. హెడ్మాస్టరుగారు విజిల్ వేశాడు. అందరూ ఒకేసారి కాలెత్తి గాల్లో తన్ని, ఒకేసారి వంగి, ఒకేసారి కళ్ళకద్దుకున్నారు. తల్లిదండ్రులు చప్పట్లు. "నెల్రోజులుగా ప్రాక్టీసు చేయించానండి, మీరు చూస్తారని" అన్నాడాయన చెమట తుడుచుకుంటూ. చాలా బాగుందండి అన్నాను. ఇంకేమనాలి?

ఫొటోలు తీసేటప్పుడు నా పక్కన నిలబడ్డ ఒక చిన్న పిల్ల నా చెయ్యి లాగింది.

"అక్కా, ఆ రోజు నువ్వు గెలిచావా?"

"లేదమ్మా, ఓడిపోయా."

కాసేపు నా మెళ్ళో ఉన్న దండకేసి చూసింది. "మరి ఇదెందుకేశారు?"

ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు. బస్సులో దర్శి దాటేదాకా ఆ దండ నా ఒళ్ళోనే ఉంది. తర్వాత సీటు కింద పెట్టేసి దిగిపోయాను.

ఆ మర్నాడే సారు ఫోను. జట్టుకి మళ్ళీ సెలక్షన్ పెడుతున్నారు. నా పేరు చెబితే పైవాళ్ళు, ఆ దణ్ణం పిల్లా అని నవ్వారట. "చూడమ్మా" అన్నాడు, "ఇదే నీకు ఆఖరు. నీ వెనక కుర్రపిల్లలు పదిమంది కాసుకుని ఉన్నారు. సెలక్షన్లో నీ చెయ్యి లేచిందనుకో, వాళ్ళు తీసెయ్యడం కాదు, నేనే మానిపిస్తా." నాకు కరాటే తప్ప ఏమీ రాదు. మగ్గం నాన్న నేర్పలేదు, నేను అడగలేదు. ఆ జాకెట్టు పోతే నేను ఫ్లెక్సీలో బొమ్మగానే మిగిలిపోతాను.

"ముఖానికి తన్నడం వచ్చేసింది నీకు. చెయ్యే మాట వినట్లా" అన్నాడు సారు. అది నిజమే. అప్పటికి ఆ కాలు ఆగడం మానేసింది. చెయ్యి ఆగాలి.

నా కుడి మణికట్టుని తాడుతో నా బెల్టుకే కట్టాడు. హాల్లో ఒక జూనియర్ పిల్లని ఎదురుగా నిలబెట్టి చెంప మీద తన్నమన్నాడు. తాకించడం, కాలు వెనక్కి లాక్కోవడం, రెండో పిడికిలి ఎత్తి కాపు పెట్టడం, చూపు ఆ పిల్ల మీదే ఉంచడం. తన్నిన ప్రతిసారీ కట్టిన చెయ్యి గుంజుకునేది. ఆ పిల్ల పాపం, "పర్లేదక్కా, నేనేమీ అనుకోను, తన్ను" అనేది. మణికట్టు ఒరుసుకుపోయింది. ఇంట్లో అడిగితే పట్టీ కట్టుకోవడం మర్చిపోయానని చెప్పాను.

"ఇంట్లో కూడా మానెయ్యాలమ్మా. ఇక్కడ మానేసి అక్కడ పెడతా ఉంటే ఎప్పటికి పోద్ది?" అన్నాడు సారు. ఇంట్లో నాయనమ్మ ఎదుట మానడం నావల్ల కాలేదు. బయట మొదలుపెట్టాను. బస్సుల్లో, ఆటోల్లో ఎవరికన్నా కాలు తగిలితే చెయ్యి జేబులో పెట్టుకుని బిగబట్టేదాన్ని. ఒకరోజు ప్యాసింజర్లో రద్దీలో ఒక పెద్దావిడ కాలు తొక్కాను. బిగబట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమ్మా, కాలు తొక్కితే దణ్ణం పెట్టుకోవాలని తెలీదా? చదువుకున్నదానిలా ఉన్నావు. ఫోన్లో చూడు, ఒక పిల్ల పరాయి దేశంలో తన్ని కూడా ఎంత చక్కగా దణ్ణం పెట్టిందో. నేర్చుకోండమ్మా!"

పక్కనున్నవాళ్ళు కూడా తలూపారు. నేను బాపట్లలోనే దిగిపోయి, తర్వాత బండికి వెళ్ళాను.

నిదానంగా, ఎప్పుడని చెప్పలేను గానీ, చెయ్యి గుంజడం తగ్గింది. తర్వాత మానేసింది. ఒకరోజు సారు తాడు విప్పేశాడు. తన్నాను. చెయ్యి పిడికిలి బిగించి గడ్డం ముందు నిలబడింది. మళ్ళీ తన్నాను. అంతే. సారు ముఖం వెలిగిపోయింది. మేడ మీది కిటికీలోంచి కింద టీకొట్టుకి అరిచి అందరికీ టీలు చెప్పాడు. జూనియర్ పిల్ల నన్ను కౌగిలించుకుంది. నేనూ నవ్వాను.

సెలక్షన్ ఉత్తరాదిలో జరిగింది. ఆఖరి ఆటలో ఎదురుగా హర్యానా పిల్ల, గట్టి పిల్ల. నేను రెండు పాయింట్లు వెనకబడ్డాను. ఆ పిల్ల తల కొంచెం వంచింది, నా కాలు వెళ్ళింది. చెంపకి తగిలింది, వెనక్కి వచ్చింది. పిడికిళ్ళు పైకి, చూపు ఆ పిల్ల మీదే. అంపైర్ల జెండాలు లేచాయి. మూడు పాయింట్లు! ఒక్క పాయింటు తేడాతో గెలిచాను. సారు కుర్చీలోంచి లేచి గంతులేశాడు, అరవై దగ్గరపడుతున్న మనిషి. నన్ను చూసి నవ్విన పైవాళ్ళే వచ్చి చెయ్యి కలిపారు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ ఆట మొత్తం మళ్ళీ తలుచుకుంటుంటే ఒకటి గుర్తొచ్చింది. ఆట అయ్యాక వంగినప్పుడు అన్నిటికీ కలిపి పెట్టే ఆ ఒక్క దణ్ణం, దొంగ దణ్ణం, అది కూడా పెట్టలేదు నేను. మర్చిపోయాను. ఆనందంలో ఉన్నాను కదా, మర్చిపోయి ఉంటానులే అని సరిపెట్టుకున్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. నాన్న మగ్గం మీద ఉన్నాడు. అమ్మ వంటింట్లోంచి "వచ్చావా తల్లీ" అని కేకేసింది. నాయనమ్మ మగ్గం పక్కనే చాప మీద అటు తిరిగి కునుకు తీస్తోంది. పక్కన కండెల బుట్ట, రాట్నం. భుజాన పెద్ద సంచీ ఉంది, కింద సరిగ్గా కనపడలేదు. ఆ సందులోంచి దాటబోయాను. నా కాలు వెళ్ళి నాయనమ్మ తలకి తగిలింది. తల పక్కకి కదిలింది కూడా.

నా కాలు చటుక్కున వెనక్కి వచ్చింది. సంచీ జారి కింద పడింది. నా రెండు పిడికిళ్ళూ గడ్డం ముందుకి లేచాయి. చూపు ఆవిడ మీదే.

నాయనమ్మ ఉలిక్కిపడి ఇటు తిరిగి కళ్ళు తెరిచింది. పైన నేను, పిడికిళ్ళు బిగించి నిలబడి ఉన్నాను. ఆవిడ ముందు నా చేతుల్ని చూసింది, తర్వాత నా ముఖం చూసింది. మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకోబోయి ఆగింది. నాన్న మగ్గం ఆపాడు. ఆ చప్పుడు ఆగేసరికి ఇల్లంతా ఖాళీ అయినట్టయింది.

ఎదురుచూసింది నాయనమ్మ. దణ్ణం కోసం. "దణ్ణం ఏదే" అని కేకేస్తుందేమోనని నేనూ ఎదురుచూశాను. కేకెయ్యలేదు. నా చేతిని నేను కదలమన్నాను. వంగు, ముట్టుకో, అద్దుకో. చిన్నప్పటి నుంచీ ఎవరూ చెప్పకుండా చేసిన పని. పిడికిలి విప్పడానికి ఎంతసేపు పట్టిందో. మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ తల ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. కల్యాణమండపంలో ఫొటోల కోసం పెట్టానే, అచ్చం అలాగే వచ్చింది. ఆవిడకి తెలిసిపోయింది. నా కళ్ళల్లోకి చూడలేకపోయింది. నేనూ చూడలేకపోయాను. నవ్వండి, ఎంతమందైనా నవ్వండి, ఆ పెద్ద తెర ముందే నన్ను జీవితాంతం నిలబెట్టండి, ఇది మాత్రం వద్దు అనిపించింది.

"గెలిచావటే?" అంది నాయనమ్మ.

"గెలిచాను నాయనమ్మా."

"మంచిదేలే" అని లేచి కూర్చుంది. నా కాలు తగిలిన చోట జుట్టు సర్దుకుంది. నాన్న మళ్ళీ మగ్గం మొదలుపెట్టాడు, కానీ తలెత్తలేదు.

వచ్చే నెల మళ్ళీ పరాయి దేశం వెళ్తున్నాను. సారు ఈసారి పతకం ఖాయం అంటున్నాడు. నాకూ అలాగే అనిపిస్తోంది. వీధి మలుపులో ఫ్లెక్సీ ఇంకా ఉంది, ఎండకి రంగు వెలిసింది.

నాయనమ్మ నన్ను ఏమీ అనలేదు, ఎవరికీ చెప్పలేదు. రాట్నం దగ్గర అలాగే కూర్చుంటుంది. నేను గదిలోకి రాగానే మాత్రం తిప్పడం ఆపుతుంది. కండెల బుట్ట తన వైపు లాక్కుంటుంది, చాప అంచు మడుస్తుంది, కాళ్ళు ముడుచుకుని గోడకి ఆనుకుంటుంది. నేను దాటేదాకా అలాగే ఉండి, మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ ఇరుకింట్లో ఇప్పుడు నా కాలు దేనికీ తగలడం లేదు.